తొలి రాజ్యాంగం రాసుకోవడం ఎలా: భారత రాజ్యాంగ సభ అనుభవం ఆధారంగా మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

రాజ్యాంగ రచన అనగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ మెదులుతుంది. బల్ల ముందు కూర్చున్న అంబేడ్కర్, చేతిలో కలం, ఎదురుగా తెల్ల కాగితాలు. ఆ బొమ్మలో గౌరవం ఉంది గానీ, పని జరిగిన తీరు లేదు. భారత రాజ్యాంగ సభ ఢిల్లీలో తొలిసారి సమావేశమైనది 1946 డిసెంబరు 9న. ముసాయిదా సంఘాన్ని వేసుకున్నది 1947 ఆగస్టు 29న. అంటే రాసేవాళ్ళను ఎంచుకునే సరికే దాదాపు తొమ్మిది నెలలు గడిచాయి. ఆ తొమ్మిది నెలలూ వృథా పోలేదు సరికదా, తరువాతి రాత నిలబడింది వాటి మీదే. రాజ్యాంగ రచనలో రాత నడిమధ్య వచ్చే పని. దానికి ముందు తేల్చుకోవలసినవీ, తరువాత చేయవలసినవీ రాతకన్నా ఎక్కువ. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం ఈ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ తొందరపడకూడదో, ఎక్కడ ఆలస్యం చేయకూడదో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. ప్రధాన ఉదాహరణ మన దేశానిదే. అవసరమైన చోట ఇండోనేషియా, ఇజ్రాయెల్, పాకిస్తాన్ వంటి దేశాలను కూడా పక్కన పెట్టి చూద్దాం.

మొదటి మెట్టు: రాజ్యాంగం సిద్ధమయ్యేదాకా దేశం ఏ చట్టంతో నడుస్తుందో తేల్చడం

కొత్త ఇల్లు కట్టుకునేవాడు పాత ఇంటి కప్పును ముందుగానే పీకేసుకోడు. 1947లో మనం చేసిన మొదటి తెలివైన పని అదే. బ్రిటిష్ పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం ప్రకారం, కొత్త రాజ్యాంగం వచ్చేదాకా 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్నే తగిన మార్పులతో వాడుకున్నాం. కోర్టులు, కలెక్టర్లు, పన్నులు, జీతాలు ఏవీ ఆగలేదు. అందువల్ల రాజ్యాంగ సభ మెడ మీద గడియారం లేకుండా పని చేయగలిగింది.

ఇక్కడే ఇంకొక చిక్కు ఉంది. రాజ్యాంగం రాసే సభే రోజువారీ చట్టాలు కూడా చేయవలసి వస్తే రెండు పనులూ కలగాపులగమైపోతాయి. భారత సభ ఈ రెండు పాత్రలనూ విడదీసింది. సభ్యులు వాళ్ళే అయినా, రాజ్యాంగం రాయడానికి కూర్చున్నప్పుడు రాజేంద్రప్రసాద్, శాసనసభగా కూర్చున్నప్పుడు మావలంకర్ అధ్యక్షత వహించారు. ఇది చిన్న ఏర్పాటులా కనిపించినా, బడ్జెటు గొడవలు మౌలిక హక్కుల చర్చలోకి రాకుండా ఆపింది ఇదే.

ఇండోనేషియా మరో దారి తొక్కింది. 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించి, మర్నాడే రాజ్యాంగాన్ని ఆమోదించింది. యుద్ధం ముగుస్తున్న ఆ గడియల్లో అంతకన్నా గత్యంతరం కూడా లేదేమో. కానీ తాత్కాలికమనుకున్న ఆ పత్రం స్థానంలో పూర్తి రాజ్యాంగం రాయడానికి 1956లో కూర్చున్న సభ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 1959 జూలై 5న అధ్యక్షుడు సుకర్ణో ఆ సభను రద్దు చేసి, పాత పత్రాన్నే మళ్ళీ తెచ్చారు. ఇజ్రాయెల్ కథ దీనికి తలకిందులు. 1948 అక్టోబరు 1లోగా రాజ్యాంగం సిద్ధం కావాలని స్వాతంత్ర్య ప్రకటనలోనే గడువు పెట్టుకుంది. ఆ గడువు దాటింది. 1950 జూన్‌లో, విడివిడి మౌలిక చట్టాలుగా నెమ్మదిగా చేసుకుందామని అక్కడి పార్లమెంటు తీర్మానించింది. ఒకే గ్రంథంగా రాజ్యాంగం నేటికీ లేదు. మధ్యకాలపు చట్టం బలంగా ఉంటే గడువు అక్కర లేదు, అది లేనప్పుడు గడువు పెట్టుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదని నా అభిప్రాయం.

రెండో మెట్టు: సభలో ఎవరు కూర్చోవాలి

అసలు తగవంతా ఇక్కడే వస్తుంది. అధికార బదిలీ మాట్లాడడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన మంత్రుల బృందం, కేబినెట్ మిషన్, 1946లో ఒక లెక్క ఇచ్చింది: సుమారు 10 లక్షల జనాభాకు ఒక సభ్యుడు. మొత్తం 389 స్థానాలు. వాటిలో 296 బ్రిటిష్ ఇండియావి, 93 సంస్థానాలవి. రాష్ట్రాల సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. అప్పటికే ఉన్న ప్రాంతీయ శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటు వేసినవారు కూడా ఆస్తి, చదువు, పన్ను చెల్లింపు వంటి అర్హతలున్న కొద్దిమందే. ఇది లోపమే, దాచవలసిన పని లేదు. వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చిన రాజ్యాంగాన్ని, ఆ హక్కుతో ఎన్నిక కాని సభ రాసింది.

ఆ లోపాన్ని రెండు మార్గాల్లో కొంతవరకు పూడ్చుకున్నారు. మొదటిది, మెజారిటీ పార్టీ తన బలంతో సొంత మనుషులనే నింపుకోకుండా, బయటివారికి కూడా చోటిచ్చింది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి మద్రాసులో పేరుమోసిన న్యాయవాదిగా ఎదిగిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కాంగ్రెసు నాయకుడు కారు. అయినా ఆయన లేకుండా ముసాయిదా సంఘాన్ని ఊహించలేము. అంబేడ్కర్ మొదట బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. దేశ విభజనతో ఆ స్థానం పోయింది. కాంగ్రెసును అంతకాలం ఘాటుగా విమర్శించిన ఆ మనిషిని, కాంగ్రెసే 1947 జూలైలో బొంబాయి నుంచి మళ్ళీ సభకు పంపింది. రెండోది, సభలో గొంతుల వైవిధ్యం. మహిళలు మొత్తం మీద 15 మంది. వారిలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, కల్లూరు సుబ్బారావు, నీలం సంజీవరెడ్డి వంటివారు మద్రాసు రాష్ట్రం తరఫున కూర్చున్నారు.

కూర్చోనివారిని కూడా లెక్కలో వేసుకోవాలి. ప్రత్యేక పాకిస్తాన్ కోరిన ముస్లిం లీగు తొలి సమావేశాలను బహిష్కరించింది. హైదరాబాద్ సంస్థానం నుంచి సభకు ఎవ్వరూ రాలేదు. అంటే తెలంగాణ ప్రజలకు ఈ రాజ్యాంగ రచనలో నేరుగా గొంతు లేదు. కొత్త దేశం సభను కూర్చేటప్పుడు ఎవరు వచ్చారన్న జాబితాతో పాటు, ఎవరు రాలేదు, వారి కోసం ఏ తలుపు తెరిచి ఉంచాలి అన్న జాబితా కూడా రాసుకోవాలి.

సభను మధ్యలో ఎవరూ రద్దు చేయలేని స్థితి కూడా ముందే కల్పించుకోవాలి. పాకిస్తాన్ రాజ్యాంగ సభ 1947 ఆగస్టులో కరాచీలో మొదలై ఏడేళ్ళు సాగింది. 1954 అక్టోబరు 24న గవర్నర్ జనరల్ గులాం మొహమ్మద్ ఒక్క ప్రకటనతో దానిని రద్దు చేశారు. తరువాతి సభ తెచ్చిన 1956 రాజ్యాంగం రెండున్నరేళ్ళకే సైనిక పాలనలో కొట్టుకుపోయింది.

మూడో మెట్టు: ముందు లక్ష్యం, తరువాత అక్షరం

1946 డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. దేశం స్వతంత్ర సర్వసత్తాక గణరాజ్యంగా ఉంటుందని, అధికారమంతా ప్రజల నుంచే వస్తుందని, న్యాయం, సమానత్వం, స్వేచ్ఛ అందరికీ దక్కుతాయని, అల్పసంఖ్యాకులకు, వెనుకబడిన ప్రాంతాలకు, ఆదివాసులకు రక్షణలు ఉంటాయని దాని సారాంశం. ఒకటి రెండు పుటల కాగితం. దానిని ఆమోదించడానికి నలభై రోజులు తీసుకున్నారు. లీగు వస్తుందేమో చూద్దామని, అందాకా తీర్మానాన్ని వాయిదా వేయాలని సభ్యుడు ఎం.ఆర్. జయకర్ సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఆ వాయిదాను సమర్థిస్తూ మాట్లాడారు. చివరకు 1947 జనవరి 22న తీర్మానం నెగ్గింది. ఈ చర్చలోనే ఎన్.జి. రంగా, మన దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు ఏ మతంవారో కాదు, నోరులేని సామాన్య జనమేనని అన్నారు. ఆ రోజుల్లో మత ప్రాతిపదిక మీద నడుస్తున్న లెక్కలన్నిటినీ ఆ మాట కుదిపింది.

ఇంత చిన్న తీర్మానానికి ఇంత సమయమెందుకని అనిపించవచ్చు. అధికరణల మీద తగాదా వచ్చినప్పుడు తూచి చూసుకోవడానికి ఒక రాయి కావాలి. ఆ రాయిని తగాదా రాకముందే అందరూ ఒప్పుకుని ఉండాలి. తరువాత కాలంలో ఆ తీర్మానంలోని మాటలే పీఠికలోకి నడిచివచ్చాయి. అపార్టుమెంటు సంఘానికి నియమావళి రాసేవారు కూడా ఈ వరుసను పాటిస్తే సగం గొడవలు తగ్గుతాయి. అక్కడ చాలామంది ముందు జరిమానాల నిబంధన రాసి, తరువాత ఉద్దేశాల కోసం వెతుక్కుంటారు.

నాలుగో మెట్టు: కమిటీల నివేదికల మీద నిర్ణయం

మూడు వందల మంది కూర్చుని వాక్యాలు రాయలేరు. అందుకని పనిని విషయాలవారీగా పంచారు. కేంద్రానికి ఏయే అధికారాలు ఉండాలో తేల్చే కమిటీకి, కేంద్ర ప్రభుత్వ స్వరూపం నిర్ణయించే కమిటీకి నెహ్రూ, రాష్ట్రాల రాజ్యాంగ కమిటీకి, ప్రాథమిక హక్కులు, అల్పసంఖ్యాకుల సలహా సంఘానికి పటేల్ నాయకత్వం వహించారు. ప్రాథమిక హక్కుల ఉపసంఘానికి కృపలానీ, అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి హెచ్.సి. ముఖర్జీ అధ్యక్షులు. రాజ్యాంగ సలహాదారు బెనగల్ నర్సింగ్ రావు ముఖ్యాంశాల మీద ఒక ప్రశ్నావళి తయారుచేసి సభ్యులకు పంపారు. దేశాధినేతను ఎవరు ఎన్నుకోవాలి, మంత్రివర్గం ఎవరికి జవాబుదారీగా ఉండాలి వంటి సూటి ప్రశ్నలవి. దానితో పాటు ఇతర దేశాల్లో ఏం చేశారో చూపే పూర్వోదాహరణల సంపుటాలు కూడా ఇచ్చారు. సభ్యులకు సమాచారం ముందు, అభిప్రాయం తరువాత అన్న క్రమం అక్కడ కనిపిస్తుంది.

ఈ దశలో ఒక పెద్ద మలుపు వచ్చింది. కేబినెట్ మిషన్ పథకం ప్రకారం కేంద్రానికి రక్షణ, విదేశాంగం, రాకపోకలు మాత్రమే మిగిలేవి. లీగును కలుపుకోవడానికి చెల్లించదలచుకున్న వెల అది. 1947 జూన్ 3న విభజన ఖాయమైంది. నెల రోజులు దాటగానే కేంద్రాధికారాల కమిటీ తన పాత నివేదికను పక్కన పెట్టి, బలమైన కేంద్రం కావాలని కొత్త నివేదిక ఇచ్చింది. ముందే అధికరణలు రాసేసుకుని ఉంటే అవన్నీ చింపవలసి వచ్చేది. నివేదికల దశలో ఉన్నారు కాబట్టి దిశ మార్చుకోవడం తేలికైంది. పరిస్థితులు కుదురుకునేదాకా కలం పట్టవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఐదో మెట్టు: ముసాయిదా

నర్సింగ్ రావు 1947 అక్టోబరు నాటికి తొలి ప్రతిని తయారు చేశారు. కమిటీల నివేదికల మీద సభ తీసుకున్న నిర్ణయాలను చట్ట భాషలోకి మార్చిన ప్రతి అది. దానిని పరిశీలించి, దిద్ది, మళ్ళీ సభ ముందుకు తేవడం ముసాయిదా సంఘం పని. ఏడుగురు సభ్యులు: అంబేడ్కర్, అల్లాడి, గోపాలస్వామి అయ్యంగార్, మున్షీ, సాదుల్లా, మిట్టర్, ఖైతాన్. మిట్టర్ తప్పుకున్నాక మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా చేసిన న్యాపతి మాధవరావు వచ్చారు. ఖైతాన్ చనిపోయాక టి.టి. కృష్ణమాచారి వచ్చారు.

అదే కృష్ణమాచారి 1948 నవంబరు 5న సభలో అసలు సంగతి చెప్పారు. ఏడుగురిలో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు సంస్థానాల వ్యవహారాల్లో మునిగిపోయారు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉన్నారు, బరువంతా అంబేడ్కర్ మీదే పడింది అని. మనం మొదట చెప్పుకున్న బొమ్మకు ఆధారం ఈ మాటే. అయితే అంబేడ్కర్ తన వంతుగా 1949 నవంబరు 25న ఘనతలో భాగం నర్సింగ్ రావుకు, అంతకన్నా ఎక్కువ భాగం చిక్కు విషయాలను తేట మాటల్లో పెట్టగల ముసాయిదా నిపుణుడు ఎస్.ఎన్. ముఖర్జీకి చెందాలన్నారు. కొత్త దేశం ఈ ముగ్గురినీ వేర్వేరుగా వెతుక్కోవాలి: సభను ఒప్పించగల నాయకుడు, ప్రపంచ రాజ్యాంగాలు తెలిసిన సలహాదారు, వాక్యం రాయడమే వృత్తిగా ఉన్న ముసాయిదాదారు. ఒకే మనిషిలో మూడూ దొరుకుతాయని ఆశించకూడదు.

అప్పు తెచ్చుకోవడం గురించి ఒక మాట. పాలనకు సంబంధించిన వివరాలు చాలా వరకు 1935 చట్టం నుంచే వచ్చాయి. ఆదేశిక సూత్రాలకు ఐర్లండ్ నమూనా. మైసూరుకు చెందిన హనుమంతయ్య, మనం వీణానాదమో సితారో కోరుకుంటే ఇక్కడ ఇంగ్లీషు బ్యాండు మోగుతోందని సభలో వెక్కిరించారు. విమర్శలో నిజముంది. కానీ పరాయి వాక్యాన్ని తెచ్చుకోవడంలో తప్పు లేదు, దాని వెనుక ఉన్న అనుభవాన్ని విచారించకుండా తెచ్చుకోవడమే తప్పు. ఆ తేడా ఒకే ఒక అధికరణలో చూద్దాం.

ఒక వాక్యం ప్రయాణం: 21వ అధికరణ

ప్రాథమిక హక్కుల ఉపసంఘం మొదట అమెరికా నమూనాలో ఒక నిబంధన రాసుకుంది. ఎవరి ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని ‘డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా’ (తగిన న్యాయ ప్రక్రియ) లేకుండా హరించకూడదని దాని భావం. ఈ నాలుగు మాటల్లో ఉన్న బలమేమిటంటే, చట్టసభ చేసిన చట్టం న్యాయంగా ఉందా లేదా అని కూడా కోర్టు తూచవచ్చు. సలహా సంఘం దగ్గరికి వచ్చేసరికి ‘ఆస్తి’ అన్న మాట పోయింది. భూసంస్కరణలకు కోర్టులు అడ్డుపడతాయన్న భయం అందుకు కారణం.

తరువాత నర్సింగ్ రావు విదేశ యాత్రకు వెళ్ళారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్, ఆ మాట వల్ల కొద్దిమంది న్యాయమూర్తులు ప్రజాప్రతినిధుల చట్టాలను కొట్టేసే అధికారం పొందుతారని, న్యాయస్థానాల మీద కూడా అది మోయలేని భారమని ఆయనకు చెప్పారు. ముసాయిదా సంఘం ఆ మాటను తీసేసి, జపాన్ రాజ్యాంగంలో కనిపించిన ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న మాటను పెట్టింది. ‘స్వేచ్ఛ’ ముందు ‘వ్యక్తిగత’ అన్న విశేషణం కూడా చేరింది.

1948 డిసెంబరు 6న ఇది సభ ముందుకు వచ్చినప్పుడు సభ్యులు తిరగబడ్డారు. పాత మాటే కావాలని సవరణలు పెట్టారు. ఏ న్యాయమూర్తి తన అభిప్రాయాన్ని చట్టంలోకి ఎలా చొప్పిస్తాడోనన్న శంక ముసాయిదా సంఘానికి ఉందని అల్లాడి ఒప్పుకుంటూనే సమర్థించారు. డిసెంబరు 13న అంబేడ్కర్ జవాబిచ్చారు. చట్టసభను నమ్మాలా, అయిదారుగురు న్యాయమూర్తులను నమ్మాలా అన్నది తేల్చుకోవడం కష్టమని నిజాయితీగా చెప్పి, నిర్ణయాన్ని సభకే వదిలారు. సవరణలు వీగిపోయాయి. కానీ అసంతృప్తి పోలేదని గుర్తించి, తరువాతి సెప్టెంబరులో ఆయనే మరో అధికరణ తెచ్చారు. అరెస్టయినవారికి కారణం చెప్పాలి, వకీలును పెట్టుకునే హక్కు ఉండాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అన్న రక్షణలు దానిలో చేరాయి. నేటి 22వ అధికరణ అదే. ముందస్తు నిర్బంధాన్ని కూడా అదే అధికరణ అనుమతించింది కాబట్టి, ఇచ్చిన చేత్తోనే కొంత తీసుకున్నట్లయింది.

కథ అక్కడితో ముగియలేదు. 1950లో గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాక్యాన్ని ఇరుకుగానే చదివింది. 1978లో మేనకా గాంధీ కేసులో, పద్ధతి అంటే న్యాయమైన, సమంజసమైన పద్ధతేనని విశాలంగా చదివింది. సభ ఓడించిన భావం ముప్పై ఏళ్ళకు కోర్టు తలుపులోంచి లోపలికి వచ్చింది. ముసాయిదా రాసేవారు తమ మాటకు ఒకే అర్థం ఎప్పటికీ నిలుస్తుందని అనుకోకూడదు.

ఆరో మెట్టు: జనం ముందుంచడం, సభలో దులపడం

1948 ఫిబ్రవరి 21న ముసాయిదాను సభాధ్యక్షుడికి అందజేశారు. 315 అధికరణలు, 8 షెడ్యూళ్ళు. దానిని అచ్చువేసి పంచారు. రాష్ట్ర ప్రభుత్వాలు, కోర్టులు, సంఘాలు, వ్యక్తులు అభిప్రాయాలు పంపడానికి ఎనిమిది నెలల వ్యవధి దొరికింది. వచ్చిన సూచనలను సంఘం పరిశీలించి, తాను ఒప్పుకున్న మార్పులను కూడా చేర్చి మళ్ళీ అచ్చువేసింది. దీనికి భిన్నంగా తూర్పు తైమూరులో 2001 ఆగస్టు 30న ఎన్నికైన 88 మంది సభ, 2002 మార్చి 22 నాటికే రాజ్యాంగాన్ని ఆమోదించింది. జనంతో సంప్రదింపులకు తగిన వ్యవధి లేదన్న విమర్శ అప్పుడే వచ్చింది. నమీబియా సభ 1989 నవంబరు 21న కూర్చుని 1990 ఫిబ్రవరి 9న పని ముగించింది. అయితే అక్కడ మూలసూత్రాల మీద 1982లోనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది కాబట్టి ఆ వేగాన్ని తొందరపాటు అనలేం.

మన సభలో 1948 నవంబరు 4న అంబేడ్కర్ ముసాయిదాను ప్రవేశపెట్టారు. నవంబరు 15 నుంచి 1949 అక్టోబరు దాకా అధికరణ తరువాత అధికరణ చర్చించారు. వచ్చిన సవరణలు 7,635. వాటిలో సభలో నిజంగా ప్రతిపాదించినవి 2,473. ఇవి ఉబుసుపోక వచ్చినవి కావు. ముసాయిదాలో గ్రామ పంచాయతీల ఊసే లేదని ప్రకాశం వంటివారు బాధపడ్డారు. సభ్యుడు కె. సంతానం పెట్టిన సవరణను అంబేడ్కర్ ఒప్పుకున్నారు, నేటి 40వ అధికరణ అలా వచ్చింది. గ్రామాల మీద అంబేడ్కర్‌కు మంచి అభిప్రాయం లేదని అంతకు రెండు వారాల క్రితమే సభ వింది. అయినా ఒప్పుకున్నారంటే ఆయన తన అభిప్రాయానికీ ముసాయిదాకూ మధ్య గీత గీసుకున్నారన్నమాట. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్ళన్న ప్రతిపాదనను 30కి తగ్గించాలని దుర్గాబాయి సవరణ పెట్టారు. 30 ఏళ్ళే నిలిచింది.

అన్నిటినీ ఓటుతో తేల్చకూడదని కూడా సభకు తెలుసు. అధికార భాష విషయంలో ఒక ఓటు తేడాతో గెలిచినా దేశం చీలేది. రోజుల తరబడి తెరచాటు సంప్రదింపులు జరిగి, 1949 సెప్టెంబరు 14న మున్షీ, అయ్యంగార్ల సూత్రం మీద రాజీ కుదిరింది. దానితో పాటు వచ్చిన ఎనిమిదో షెడ్యూలులోని 14 భాషల్లో తెలుగు ఒకటి.

ఏడో మెట్టు: తేలని వాటికి తలుపు పెట్టడం

ప్రతి కొత్త దేశానికీ ఇప్పుడే తేల్చలేని తగవులు కొన్ని ఉంటాయి. వాటిని బలవంతంగా తేలిస్తే రాజ్యాంగం ఆగుతుంది, మాట్లాడకుండా వదిలేస్తే తరువాత పేలుతుంది. వాటిని తేల్చే పద్ధతిని మాత్రం రాసి, ఫలితాన్ని భవిష్యత్తుకు వదలడం నడిమి దారి. ఆంగ్లాన్ని 15 ఏళ్ళు కొనసాగించడం, చట్టసభల్లో షెడ్యూల్డు కులాలు, తెగల రిజర్వేషన్లకు 10 ఏళ్ళ గడువు పెట్టడం ఈ రకానివే.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్ర పేరును రాజ్యాంగం మొదటి షెడ్యూలులో చేర్చాలన్న కోరిక సభ ముందు ఉంది. దాన్ని పరిశీలించడానికి 1948లో వేసిన ధర్ కమిషన్ భాషా రాష్ట్రాలు ఇప్పుడు వద్దంది. జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభిల కమిటీ 1949 ఏప్రిల్‌లో, మద్రాసు నగరం మీద పట్టు వదిలితే ఆంధ్రకు ఒప్పుకోవచ్చంది. ఆ ఏడాది చివర వేసిన మద్రాసు రాష్ట్ర విభజన సంఘంలో ప్రకాశం అసమ్మతి పత్రం రాశారు. 1950 జనవరి 26 నాటికి ఆంధ్ర రాలేదు. కానీ 3వ అధికరణ వచ్చింది. కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచడానికి పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ, దాని సమ్మతి తప్పనిసరి కాదు. రాజ్యాంగ సవరణగా కూడా లెక్కించనక్కర లేదని 4వ అధికరణ చెప్పింది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలాక 1953 అక్టోబరు 1న ఆంధ్ర ఏర్పడింది ఆ తలుపు గుండానే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది కూడా ఆ తలుపు గుండానే. తలుపు ఉన్నంత మాత్రాన అది సకాలంలో తెరుచుకుంటుందని కాదు. యాభై ఎనిమిది రోజుల నిరాహార దీక్ష అందుకు సాక్ష్యం.

ఎనిమిదో మెట్టు: ఆమోదం, సొంత కాళ్ళ మీద నిలబడటం

1949 నవంబరు 26న 395 అధికరణలు, 8 షెడ్యూళ్ళతో రాజ్యాంగాన్ని సభ ఆమోదించింది. 11 విడతలుగా 165 రోజుల సమావేశాలు. ఖర్చు 63,96,729 రూపాయలని రాజేంద్రప్రసాద్ ఆ రోజు సభకు లెక్క చెప్పారు. హైదరాబాద్ నిజాము అంతకు మూడు రోజుల ముందు, నవంబరు 23న, ఈ రాజ్యాంగాన్ని తన సంస్థానానికి అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చారు.

చాలామంది గమనించని రెండు చట్టపరమైన జాగ్రత్తలు ఇక్కడ ఉన్నాయి. రాజ్యాంగాన్ని బ్రిటిష్ రాజు ప్రతినిధి ఆమోదానికి పంపలేదు. సభ ఆమోదమే తుది ఆమోదం. చివరి అధికరణ అయిన 395, స్వాతంత్ర్యం ఇచ్చిన బ్రిటిష్ చట్టాన్నే రద్దు చేసింది. ఎక్కి వచ్చిన నిచ్చెనను తన్నేసినట్టు కనిపించే ఈ పని వెనుక ఉద్దేశం స్పష్టం. ఈ రాజ్యాంగం అధికారం ప్రజల నుంచి వచ్చిందే తప్ప, లండన్‌లో చేసిన ఏ చట్టం నుంచీ కాదని అనిపించుకోవాలి. అదే సమయంలో 372వ అధికరణ పాత చట్టాలన్నీ మార్చేదాకా కొనసాగుతాయంది. ఈ రెండో వాక్యం రాయకపోతే మర్నాడు పొద్దున కోర్టులకు పని చేయడానికి చట్టమే ఉండదు.

రాజ్యాంగం మొత్తం ఒకే రోజు అమల్లోకి రాలేదు. పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని నిబంధనలు నవంబరు 26నే వచ్చాయి. మిగతావి 1950 జనవరి 26న. ఈ మధ్య జనవరి 24న 284 మంది సభ్యులు సంతకాలు చేశారు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదా చేతిరాత, నందలాల్ బోస్ బృందం చిత్రాలు ఉన్న ప్రతి అది.

తొమ్మిదో మెట్టు: కాగితం నుంచి వీధిలోకి

ఆఫ్రికా దేశమైన ఎరిట్రియా 1997లో ఎంతో శ్రమపడి, ఊరూరా చర్చించి రాజ్యాంగాన్ని ఆమోదించుకుంది. అది అమల్లోకి రానేలేదు. కాబట్టి అమలు యంత్రాంగాన్ని రచన ముగిశాక వెతుక్కోకూడదు, రచన సాగుతుండగానే సిద్ధం చేసుకోవాలి.

మొదటి దిద్దుబాటుకు కూడా సిద్ధంగా ఉండాలి. మద్రాసు రాష్ట్రంలో కళాశాల సీట్లను కులాలవారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వును చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951లో కొట్టేసింది. భూసంస్కరణల చట్టాలకు, పత్రికల మీద ఆంక్షలకు కూడా కోర్టుల్లో దెబ్బలు తగిలాయి. రాజ్యాంగం వచ్చి పదిహేడు నెలలు నిండకముందే, 1951 జూన్ 18న, మొదటి సవరణ వచ్చింది. చేసినవారు చాలావరకు రాజ్యాంగం రాసిన సభ్యులే. మొదటి సాధారణ ఎన్నికలు ఇంకా జరగలేదు కాబట్టి, వారే తాత్కాలిక పార్లమెంటుగా కూర్చున్నారు. వాక్‌స్వాతంత్ర్యం మీద పరిమితులు పెంచే సవరణను ఎన్నిక కాని సభ చేయడం నాకు ఇప్పటికీ సమంజసంగా తోచదు. విద్యా రిజర్వేషన్లకు దారి వేసిన భాగం మాత్రం లేకపోతే సమానత్వపు అధికరణే సమానత్వానికి అడ్డుపడేది.

ఇక ఓటర్ల జాబితా. రాజ్యాంగం ఇంకా ముసాయిదాగా ఉండగానే, రాజ్యాంగ సభ సచివాలయం 1948లో వయోజన ఓటర్ల నమోదు మొదలుపెట్టించింది. అప్పటికి వయోజన ఓటు హక్కు చట్టం కాదు, ముసాయిదాలో ఒక వాక్యం మాత్రమే. ఇల్లు వదిలి వచ్చిన శరణార్థులకు స్థిర నివాసం ఎక్కడని అడిగితే జవాబు లేదు. ఇక్కడే ఉండబోతున్నామని ప్రకటిస్తే చాలు, చేర్చుకోవాలని ఆదేశాలు వెళ్ళాయి. గుమస్తాలు ఇంటింటికీ తిరిగినప్పుడు, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప తన పేరు చెప్పని స్త్రీలు లక్షల్లో ఎదురయ్యారు. పేరు చెప్పడానికి అదనపు గడువు ఇచ్చారు. అయినా 28 లక్షల మంది పేర్లను జాబితా నుంచి తీసేయవలసి వచ్చింది. 1951, 52 ఎన్నికల నాటికి జాబితాలో 17 కోట్లకు పైగా ఓటర్లు ఉన్నారు. తరువాతి ఎన్నికలకు జాబితాలు సవరించేటప్పుడు గుమస్తాలు మళ్ళీ అవే ఇళ్ళ గడపల ముందు నిలబడి, లోపలున్న ఆమె పేరేమిటని అడగవలసి వచ్చింది.